పీరంటే సాటివాడు

మా అన్న నర్సింహ పోయి నెల దాటింది. దినాలు అయిపోయి, వచ్చిన చుట్టాలు ఎవరి దారిన వాళ్ళు వెళ్ళాక, వదినెకు తోడుగా నేను బడంగ్‌పేట్‌లో వాళ్ళింట్లోనే ఉండిపోయాను. ఒకరోజు సాయంత్రం అన్న మనవరాలు మేఘన బడి నుంచి వచ్చి, సంచీ సోఫా మీద పడేసి, "నానమ్మా, పీర్ ప్రెషర్ మీద రెండు పేజీలు రాసుకురమ్మన్నారు. నువ్వు ఇంగ్లిష్ టీచర్‌వి కదా, చెప్పు" అంది. పీర్ అంటే ఏమిటో ముందు నువ్వు చెప్పు అన్నాను. "ఫ్రెండ్స్" అంది. కాదన్నాను. "మరి క్లాస్‌మేట్స్ అనుకో" అంది. అదీ పూర్తిగా కాదంటూ, ఆ మాట ఎక్కడ పుట్టిందో చెప్పబోయి ఆగిపోయాను. ఆ మాటను నేనూ మా అన్నా ఒకే అరుగు మీద, ఒకే మనిషి నోట విన్నాం. ఆ అరుగు లేదు, ఆ మనిషి లేడు, ఇప్పుడు అన్న కూడా లేడు. నాతో కలిసి విన్నవాళ్ళలో ఇక మిగిలింది తెనాలిలో ఉన్న శేషు ఒక్కతే. పిల్ల నా మొహం చూసి, "పోనీలే, తర్వాత చెప్పు" అని లోపలికి వెళ్ళిపోయింది. తనకు ఆ పూట చెప్పలేకపోయింది ఇక్కడ రాస్తున్నాను.

అప్పుడు మేము గడ్డిఅన్నారంలో కిరాయికి ఉండేవాళ్ళం. ఇప్పుడు అక్కడ నిలబడితే నాలుగు దిక్కులా మేడలే తప్ప ఆకాశం కనిపించదు గానీ, నా పదమూడేళ్ళప్పుడు మా వాకిట్లో నిలబడితే సరూర్‌నగర్ వైపు ద్రాక్షతోటలు కనిపించేవి. దిల్‌సుఖ్‌నగర్ అంటే రోడ్డుకు అటూ ఇటూ కొన్ని ఇళ్ళు, ఒక హోటలు, ఒక సైకిలు షాపు. ఎల్బీనగర్ అని పేరైతే వినపడేదేమో గానీ మాకు అటువైపంతా బండలూ, తుమ్మచెట్లూ, బెజవాడ పోయే రోడ్డే. ఒకే ప్రహరీ లోపల నాలుగు వాటాలు, నడుమ చేదబావి, బావి పక్కన అందరికీ కలిపి ఒకే రోలు. మా వాటాలో అమ్మ, నాయిన, అవ్వ, అన్న, నేను. మేము పోచంపల్లి పక్క ఊరి మగ్గం వాళ్ళం. ఆ పని మీద ఇల్లు గడవక నాయిన పట్నం వచ్చి సుల్తాన్‌బజారులో ఒక బట్టల దుకాణంలో గుమాస్తాగా కుదిరాడు. మగ్గం ఊళ్ళోనే వదిలేశాం గానీ అవ్వ మాత్రం ఆసు వదల్లేదు. చెక్కకు అర్ధచక్రంలా మేకులు కొట్టి, వాటి చుట్టూ నూలును అటూ ఇటూ తిప్పే పని అది. ఊరి నుంచి మా చిన్నాయిన నూలు పంపితే, వసారాలో కూచుని పొద్దంతా ఆ చెయ్యి అలా తిప్పుతూనే ఉండేది. ఆముదంలోనూ బూడిదనీళ్ళలోనూ నానిన నూలుకు ఒక చిక్కటి వాసన ఉంటుంది. అవ్వ చీరకూ, అవ్వ మంచానికీ, చివరికి అవ్వ పెట్టే ముద్దకూ అదే వాసన. ఈ రోజుకీ ఎక్కడైనా ఆముదం మూత తీస్తే నాకు ఆకలేస్తుంది.

ఎదురు వాటాలో కోటేశ్వరరావు సారు ఉండేవారు. తెనాలి మనిషి, సర్కారు బడిలో ఇంగ్లిషు మాస్టారు. ఆయన భార్య సుబ్బలక్ష్మిగారిని నేను అత్తమ్మా అని పిలిచేదాన్ని. వాళ్ళకు ఒక్కతే కూతురు, శేషు. నా ఈడుది, నా తరగతిది. వాళ్ళ వాటాలోంచి పొద్దున్నే కాఫీ వాసన, మధ్యాహ్నం ఇంగువ పోపు వాసన వచ్చేవి. మాది టీ, జొన్నరొట్టె. ఒకే ఆకు వాళ్ళింట్లో గోంగూర, మా ఇంట్లో పుంటికూర. శేషు మా ఇంట్లో పచ్చిపులుసు తాగి, వాళ్ళమ్మతో అది చారే కాదని పోట్లాడేది. అమ్మా అత్తమ్మా రోలు దగ్గర ఒకరు రుబ్బుతుంటే ఒకరు పొత్రం దగ్గర పప్పు తోసేవాళ్ళు. "ఒదినె, జర జరుగు" అని అమ్మ అంటే, "జరుగుతాలెండి వదినగారూ, మీ జర నాకూ వచ్చేసింది" అని అత్తమ్మ నవ్వేది. సారు బడి నుంచి రాగానే చొక్కా విప్పి దండెం మీద ఆరేసి, బనీనుతో అరుగు మీద కూచుని, ముక్కుపొడుం పీల్చి, ఎవరు దొరికితే వాళ్ళకు ఏదో ఒక ఇంగ్లిషు మాట పుట్టుక చెప్పేవారు. పాలవాడికి కూడా చెప్పేవారు. ఆ పాలవాడు సైకిలు స్టాండు వేసి మరీ వినేవాడు.

మా అన్న అప్పటికి డిగ్రీ అయి, టీచరు ట్రైనింగూ అయి, ఉద్యోగం లేకుండా ఉన్నాడు. దరఖాస్తులు పెట్టడం, పిలుపు రాకపోవడం, నాయిన తలదించుకుని తినడం, ఇదే రోజూ జరిగేది. ఇంగ్లిషు దగ్గర దెబ్బతింటున్నానని అన్న సాయంత్రాలు సారు దగ్గర కూచునేవాడు. అరుగు మీద సారు పక్కన నేనూ శేషూ, కింద మెట్టు మీద అన్న. ఎంత చెప్పినా అన్న పైకి వచ్చి కూచునేవాడు కాదు.

ఆ ఏడు ఉద్యమం మొదలైంది. మొదటి తెలంగాణ ఉద్యమం. పరీక్షలు ఆగిపోయాయి, బళ్ళు మూతపడ్డాయి, మలక్‌పేట వైపు నుంచి నినాదాలు వినపడేవి. ఒక్కోరోజు కర్ఫ్యూ అనేవాళ్ళు, కూరగాయల బండి వచ్చేది కాదు. అప్పుడు అమ్మా అత్తమ్మా ఇద్దరి డబ్బాల్లో ఉన్న పప్పులు కలిపి ఒకే గిన్నెలో వండేవాళ్ళు. అన్న పొద్దున వెళ్ళి చీకటి పడే వేళకు వచ్చేవాడు. ఒకసారి కళ్ళు ఎర్రగా వాచిపోయి, దారి కనపడక గోడ తడుముకుంటూ వచ్చాడు. పోలీసులు పొగబాంబులు వేశారట. అమ్మ గుండెలు బాదుకుంటూ నిలబడిపోతే, అత్తమ్మే బావి దగ్గర కూచోబెట్టి చెంబులు చెంబులు నీళ్ళు కళ్ళల్లో పోసింది. "రుద్దకు నాయనా, రుద్దకు. తెరిచి ఉంచు" అంటూ. ఆంధ్రావాళ్ళను పొమ్మనే ఊరేగింపులోంచే అన్న వచ్చాడని ఆమెకు తెలియకపోలేదు.

బడి లేదు గనక సారు మాకు పాఠాలు ఇంట్లోనే మొదలుపెట్టారు. ఒకరోజు పొద్దున పలక మీద ఆ మాట రాశారు. పీర్. దీని అర్థం ఎవరికి తెలుసు అన్నారు. నేను వెంటనే చెయ్యెత్తాను. "పీరంటే మా ఊర్ల ఎత్తుతరు సార్. పీర్ల పండుగకు. మా అవ్వోళ్ళు పీరుకు దట్టీ కడతరు." శేషు పకపకా నవ్వింది. సారు నవ్వలేదు. పలక పక్కన పెట్టి, దట్టీ అంటే ఏమిటి, ఎవరు ఎత్తుతారు, ఎవరు ముందు నడుస్తారు అని ఒక్కొక్కటీ అడిగారు. నాకు తెలిసింది కొంతే. వసారాలోంచి అవ్వ అందుకుంది. పీరుకు చుట్టే బట్ట మా వాడ నుంచే పోవాలట. ఎత్తేది మా పద్మశాలోళ్ళు కావచ్చు, కాపులు కావచ్చు, పూనకం ఎవరికి వస్తే వాళ్ళట. రొట్టె, బెల్లం కలిపి చేసిన మలీద ముద్దలు అందరూ తింటారట. "పీరు ముందల తురకోళ్ళు లేరు, మనోళ్ళు లేరు సారూ. అంత ఒక్కటే" అంది అవ్వ.

"భలే" అన్నారు సారు. "మీ పీరు పారసీ నుంచి వచ్చింది, పెద్దవాడని అర్థం. నా పీరు లాటిను నుంచి వచ్చింది, సమానుడని అర్థం. రెంటికీ చుట్టరికం లేదు. కానీ అవ్వగారు చెప్పినదాంట్లో రెండూ ఒకచోటే కనిపిస్తున్నాయి చూశారా." ఆ తరవాత చెప్పుకుంటూ పోయారు. లాటినులో పార్ అంటే సమానం. దాన్నుంచే పీర్, సాటివాడు. దాన్నుంచే పెయిర్, జత. ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూస్తే కంపేర్. తొంగి చూడటాన్ని కూడా పీర్ అంటారు గానీ అది వేరే మాట, వేరే ఇంటిది, పోలిక ఒక్కటే. క్రికెట్టులో అంపైర్ ఉంటాడు చూశారా, అతనూ ఈ ఇంటివాడే. మొదట ఆ మాట నౌంపైర్. అంటే జతలో చేరనివాడు, ఇద్దరికీ సాటికానివాడు, మూడోవాడు. ఏదో కాలంలో నోళ్ళలో నలిగి ముందున్న 'న' జారిపోయింది. "ఇద్దరు సమానులు తగువు పడితే ఎవరి జతా కాని మనిషి కావాలి. అందుకని" అన్నారు.

మెట్టు మీద కూచున్న అన్న అంతవరకూ వింటూ ఉన్నాడు. "లండన్ల లార్డులను గూడ పీర్లే అంటరు గద సార్" అన్నాడు.

"అంటారు. ఎందుకంటావా? రాజు కొలువులో వాళ్ళు వాళ్ళు సమానులు. వాళ్ళను విచారించాలన్నా వాళ్ళ సాటివాళ్ళే విచారించాలి."

"అంటె వాళ్ళకు వాళ్ళు సమానం. బయటోళ్ళకు కాదు."

"అంతే."

"అయితే ఆ మాటల సమానం ఏడున్నది సార్? గోడ కట్టుకొని లోపలోళ్ళు సమానమంటె బయటున్నోనికేం ఒరిగింది?" అని, అవ్వ వైపు తిరిగి, "నువ్వు గూడ అంత ఒక్కటే అంటున్నవు. ఊరవతలోళ్ళు యాడ నిలబడ్తరే అవ్వా, పీరు లేచినప్పుడు?" అన్నాడు.

అవ్వ చెయ్యి ఆసు మీద ఆగింది. అబద్ధం ఆడటం అవ్వకు చేతకాదు. "నిప్పుల గుండానికి ఆ పక్క" అంది. "మలీద ఇడిసిపెడతరు చేతుల. పైనుంచి."

సారు పలక తీసుకుని తుడిచారు. "నీ ప్రశ్న మంచిదయ్యా నరసింహా. దానికి నా దగ్గర నిఘంటువులో జవాబు లేదు" అన్నారు. ఆ రోజు పాఠం అక్కడే అయిపోయింది. కానీ ఆ ప్రశ్న మాత్రం వాళ్ళిద్దరి మధ్య రోజూ నడుస్తూనే ఉండేది. ఇద్దరూ గొంతు పెంచేవాళ్ళు కాదు. అన్న ఎన్ని ఉద్యోగాలు పోయాయో చెప్పేవాడు. సారు వినేవారు, అప్పుడప్పుడు కలిసి ఉంటే వచ్చే మేలు గురించి చెప్పేవారు, అన్న వినేవాడు. మధ్యలో అత్తమ్మ ఇద్దరికీ కాఫీ ఇచ్చేది. అన్నకు కాఫీ చేదు, అయినా వద్దనలేదు.

కొన్నాళ్ళకు గొడవంతా ముల్కీ అన్న మాట చుట్టూ తిరిగింది. ముల్క్ అంటే దేశం, ముల్కీ అంటే ఈ నేల మనిషి. ఇక్కడ ఏళ్ళ తరబడి ఉన్నవాళ్ళకే ఇక్కడి ఉద్యోగాలివ్వాలని నిజాం కాలం నుంచీ ఒక నియమం. నిన్నమొన్న వచ్చినవాళ్ళు కూడా ఇక్కడివాళ్ళమేనని తప్పుడు కాగితం పుట్టించుకుని ఉద్యోగాల్లో చేరారని కుర్రాళ్ళ కోపం. అలాంటివాళ్ళను వెనక్కి పంపుతామని సర్కారు అన్నది, అది సాగుతూ ఆగుతూ ఉండేది. ఆ మాట మీదే ఒక సాయంత్రం అన్న అన్నాడు: "దొంగ కాగితాలోళ్ళను ఏరి పంపియ్యాలె సార్. మీ అసొంటోళ్ళను కాదు. మీరు మంచిగ సదువుకొని, మంచిగ ఒచ్చిన్రు."

సారు ముక్కుపొడుం డబ్బీ మూత పెట్టారు. లోపల వంటింట్లో అత్తమ్మ గిన్నెలు కదుపుతున్న చప్పుడు ఆగిపోవడం నాకు ఇప్పటికీ వినపడుతుంది.

"నా అసొంటివాణ్ణే నరసింహా" అన్నారు. మా మాట ఆయన నోట రావడం అదే మొదటిసారి. "నేను వచ్చేనాటికి ఆ నియమం ఉందని నాకు తెలుసు. మా బావమరిది ఎవరినో పట్టుకున్నాడు. పుట్టినప్పటి నుంచీ ఇక్కడే ఉన్నానని రాయించాడు. చదివాను, సంతకం పెట్టాను. అక్కడ నాకు ఉద్యోగం దొరకలేదు. పెళ్ళయి ఉంది. అదీ సంగతి."

అన్న మొహం నేను చూడలేకపోయాను. శేషు నా చెయ్యి పట్టుకుంది, ఆ పిల్లకూ అప్పటిదాకా తెలియదు. అన్న, "గా పోస్టు ఎవరిది సార్?" అన్నాడు.

"ఎవరిదో. నీ అసొంటివాడిది."

అన్న లేచి చెప్పులు వేసుకుని వెళ్ళిపోయాడు.

తరవాతి రోజుల్లో మా వాకిలి వాకిలిలా లేదు. అన్న ఎదురు వాటా వైపు చూడకుండా బావి దగ్గరికి పోయేవాడు. సారు అరుగు మీదికి రాలేదు. అమ్మకు ఏమనాలో తెలియక, రోలు దగ్గర అత్తమ్మ ఎదురైతే పొత్రం వైపే చూస్తూ మాట్లాడేది. అన్న స్నేహితులు ఒకరిద్దరు వచ్చి వీధిలో నిలబడి, "మీ ఇంట్ల గూడ ఒకడున్నడంట గద" అని అడిగితే, "ఎవరు చెప్పిన్రు?" అని మాత్రమే అన్నాడు. ఉన్నాడనీ అనలేదు, లేడనీ అనలేదు. లోపలికి వచ్చి అన్నం ముందు కూచుని తినలేకపోయాడు. అప్పుడు అవ్వ అడిగింది, "నీకు ఆయన అబద్ధం ఆడినందుకు కోపమా, నిజం చెప్పినందుకా?" అని. అన్న చెయ్యి కడుక్కుని లేచిపోతూ, "చెప్పకపోతె నాకు మంచిగుండు అవ్వా" అన్నాడు. మా అన్న ఏడవడం నేను చూసింది అప్పుడే.

ఆ వారంలోనే తెలిసింది, సారు తనంతట తానే ఆఫీసుకు వెళ్ళి, వెనక్కి పంపేవాళ్ళలో తన పేరూ రాసుకోమన్నారని. అక్కడ కూచున్న ఉద్యోగి, మిమ్మల్ని ఎవరూ పట్టుకోలేదు కదా, ఊరుకోక ఎందుకండీ అన్నాడట. ఆ కబురు మాకు సారు చెప్పలేదు, అత్తమ్మ చెప్పింది. రోలు దగ్గర పిండి చేత్తోనే కూచుని, అమ్మతో అంది: "నన్నొక్క మాట అడగలేదు వదినగారూ. శేషును ఈ ఊళ్ళోనే కన్నాను. అక్కడి నీళ్ళు దీనికి పడతాయో లేదో. ఆయనకు నిజం చెప్పుకుంటే నిద్ర పట్టింది. నాకు పోయింది." అమ్మ ఆమె పక్కన కూలబడి, ఆ పిండి చేతులు అలాగే పట్టుకుంది. ఆ ఉద్యమంలో ఎవరు ఎంత పోగొట్టుకున్నారో పెద్ద పెద్ద పుస్తకాలు వచ్చాయి, చదివాను. సుబ్బలక్ష్మత్తమ్మ లాంటివాళ్ళు పోగొట్టుకున్నది నాకు వాటిలో ఎక్కడా కనపడలేదు. అలాగే, ఆ ఉద్యోగాలు దక్కక పొలంలోకో దుకాణంలోకో పోయిన మా అన్న స్నేహితుల సంగతీ కనపడలేదు. రెండూ నిజమే. ఒకదాని పక్కన ఒకటి పెట్టి కొలవడం నాకు చేతకాలేదు.

వాళ్ళు వెళ్ళే పొద్దున లారీ వచ్చింది. సామాను ఎక్కించడానికి మనుషులు దొరకలేదు, ఆ రోజుల్లో ఎవరూ ముందుకు రారు. నాయినా సారూ బీరువా ఎత్తబోయి ఎత్తలేక నిలబడ్డారు. అన్న వచ్చాడు. బీరువా ఒక పక్క పట్టుకున్నాడు. అన్నీ ఎక్కించాక తాళ్ళు కట్టి, తానూ ఎక్కి డ్రైవరు పక్కన కూచున్నాడు. "నువ్వేడికిరా?" అంది అమ్మ. "తొవ్వ దాటించి ఒస్తా" అన్నాడు. నేనూ శేషూ ఏడ్చింది చెప్పుకోను, ఆ వయసులో ఎవరైనా ఏడుస్తారు. అవ్వ మాత్రం ఆ పిల్లకు ఒక రుమాలు ఇచ్చింది, అంచులో చెక్స్ ఉన్న ఎర్రది, ఆముదం వాసనది.

దారిలో జరిగింది అన్న తరవాత చెప్పాడు. ఇప్పుడు ఎల్బీనగర్ చౌరస్తా ఉన్న చోటికి కాస్త ఇవతల కుర్రాళ్ళు రోడ్డుకు అడ్డంగా రాళ్ళు పెట్టి కూచున్నారు. లారీ ఆపారు. ఎవరు, ఎక్కడికి అన్నారు. అన్న దిగి నిలబడి, "నాకు ఇంగ్లీషు చెప్పిన సారు. పోతున్నడు" అన్నాడు. "ఆంధ్రోడా?" అని ఒకడు. "అవు" అన్నాడు అన్న. "ముల్కీయా, కాదా?" అని ఇంకొకడు. అన్న ఏమీ చెప్పేలోపే సారు తలుపు తీసుకుని దిగి, "కాదు బాబూ. అందుకే పోతున్నాను" అన్నారట. ఆ కుర్రాళ్ళకు ఏం చెయ్యాలో తోచలేదు. పొమ్మని అరవడానికి వచ్చినవాళ్ళు, పోతున్న మనిషిని ఏమంటారు? లేచి రాళ్ళు పక్కకు జరిపారు. వాళ్ళలో ఒకడు లారీ చుట్టూ తిరిగి చూసి, "సామాను ఒక దిక్కు ఒరిగింది, తాడు గట్టిగ లేదు" అని పైకెక్కి ముడి విప్పి మళ్ళీ బిగించి కట్టాడట. అన్న హయత్‌నగర్ దాకా వెళ్ళి దిగాడు. అక్కడి నుంచి నడిచి వచ్చాడు. ఇల్లు చేరేసరికి కాళ్ళు బొబ్బలెక్కాయి.

ఆ తరవాత బళ్ళు తెరిచారు. అన్నకు ఉద్యోగం రావడానికి ఇంకా కొన్నేళ్ళు పట్టింది, అదీ నల్గొండ దగ్గర ఒక పల్లెలో. నేను ఇంగ్లిషు చదివాను, ఇంగ్లిషే చెప్పాను. పిల్లలకు పీర్ అన్న మాట వచ్చినప్పుడల్లా అర్థం చెప్పి, ఊరుకోకుండా పుట్టుక కూడా చెప్పేదాన్ని. ఊరు ఎరిగినట్టే ఉండి ఎరగనట్టయింది. ద్రాక్షతోటలు పోయి కాలనీలొచ్చాయి, గడ్డిఅన్నారానికి పండ్ల మార్కెట్టు వచ్చింది, బత్తాయిల వాసనతో చాలా ఏళ్ళు ఉండి అదీ వెళ్ళిపోయింది. మా వాకిలి ఉన్న చోట ఇప్పుడు కోచింగు సెంటరు ఉంది. మూసారాంబాగ్ మీదుగా మెట్రోలో వస్తుంటే ఒకే పెట్టెలో నాలుగు రకాల తెలుగు వినపడుతుంది, ఎవరూ తల తిప్పి చూడరు. అప్పటికన్నా ఇది నయమే. అయినా ఈ పెట్టెలో పక్కనున్నవాళ్ళ పప్పూ మన పప్పూ కలిపి వండుకునేంత దగ్గర ఎవరూ లేరు. మేఘనకు తన సాటివాళ్ళంటే ఒత్తిడి పెట్టేవాళ్ళు. నాకు సాటిదంటే ఆటలో గెలిచిన చింతగింజలు రాత్రి దాచుకుని పొద్దున్నే మళ్ళీ పంచిచ్చే శేషు.

శేషు పెళ్ళికి శుభలేఖ వచ్చింది, నా పెళ్ళికి పంపాం. ఆ తరవాత పండగకో పురుడుకో ఒక ఉత్తరం, ఇంకా తరవాత ఫోన్లు. అత్తమ్మ పోయిన కబురు ఫోన్లోనే తెలిసింది. రెండోసారి ఉద్యమం లేచినప్పుడు అన్న రిటైరై ఉన్నాడు. మోకాళ్ళ నొప్పులతోనే ఊరేగింపులకు పోయాడు. రాష్ట్రం వచ్చిన రోజున దిల్‌సుఖ్‌నగర్ రోడ్డు మీద రంగులో తడిసి, పిల్లాడిలా ఇంటికొచ్చాడు. సంబరాలు ముగిశాక ఒక పొద్దున నాకు ఫోన్ చేశాడు.

"అండాలూ, తెనాలి పోదాం రా."

"గిప్పుడా అన్నా? అక్కడ అందరు మండి ఉన్నరు."

"గిప్పుడే పోవాలె. సారుకు శాన వయసైంది."

ఎల్బీనగర్‌లో బస్సెక్కాం. తెనాలిలో శేషు ఇల్లు చేరేసరికి మధ్యాహ్నమైంది. నేనూ శేషూ ఒకళ్ళనొకళ్ళం పట్టుకుని నవ్వాం. శేషు కొడుకు రవి హైదరాబాదులోనే సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, సెలవుకు వచ్చి ఉన్నాడు. మర్యాదగా నీళ్ళిచ్చాడు గానీ మొహంలో కళ లేదు. "సంబరాలు చేసుకుని వస్తున్నారాండీ?" అన్నాడు. శేషు "రవీ" అని కసిరింది. అన్న మాత్రం, "చేసుకొనే ఒచ్చిన బాబూ. దాచిపెట్టి మీ ఇంట్ల అన్నం తినలేను" అన్నాడు. రవి వెళ్ళి ఫోను చూసుకుంటూ కూచున్నాడు.

సారు వాలుకుర్చీలో ఉన్నారు. బాగా చిక్కిపోయారు. చెవులు సరిగా వినపడవు. శేషు గట్టిగా చెబితే, అన్నను చాలాసేపు చూసి గుర్తుపట్టారు. అన్న పక్కన స్టూలు వేసుకుని కూచున్నాడు.

"వచ్చిందా మీ రాష్ట్రం?"

"వచ్చింది సార్."

"మంచిదయ్యా. చాలా కాలం అడిగారు" అన్నారు. తరవాత, "నేను వదిలేసిన చోటు నీకు వచ్చిందా మరి?" అన్నారు.

"రాలే సార్."

"ఎవరికి వచ్చింది?"

"ఎవ్వరికి రాలే. శాన ఏండ్లు ఖాళీగనే పెట్టిన్రు."

సారు నవ్వడం మొదలుపెట్టారు. శబ్దం లేదు, భుజాలు కదులుతున్నాయి, దగ్గు వచ్చింది, దగ్గులోనూ నవ్వే. అన్న కూడా నవ్వాడు, కళ్ళు తుడుచుకుంటూ. రవి ఫోనులోంచి తలెత్తి చూశాడు. ఇద్దరు ముసలివాళ్ళు దేనికి నవ్వుతున్నారో అతనికి తెలియదు, మాకూ పూర్తిగా తెలియదు.

మాట్లాడుతూ మాట్లాడుతూనే సారు నిద్రలోకి జారారు. చెయ్యి అన్న చేతి మీద ఉండిపోయింది. మేము తిరుగు బస్సుకు టిక్కెట్లు చేయించుకునే వచ్చాం. టైమవుతోందని నేను సైగ చేశాను. అన్న తల అడ్డంగా ఊపాడు. ఇంకాసేపటికి రవి లేచి వచ్చాడు, మమ్మల్ని స్టాండులో దింపాలని బండి తాళాలు తీసుకుని. తాతయ్య చేతినీ, దాని కింద కదలకుండా ఉన్న అన్న చేతినీ చూసి, తాళాలు చప్పుడు కాకుండా బల్ల మీద పెట్టాడు. వంగి, నెమ్మదిగా అన్నను అడిగాడు, "రాత్రికి అన్నం పెట్టించమంటారా, చపాతీలు చేయించమంటారా?"

"ఏదైన సరే బాబూ" అన్నాడు అన్న, గొంతు బాగా తగ్గించి.